పెర్‌టెక్ టేపు డ్రైవు రెడీ అంటున్నా బైట్లు తప్పుగా వస్తుంటే

మీ మైక్రోకంట్రోలర్ బోర్డుకు కలిపిన పాత పెర్‌టెక్ (కంప్యూటర్ టేపు డ్రైవుల ఇంటర్‌ఫేస్) డ్రైవు రెడీ చూపిస్తున్నా ప్రతి బ్లాకులోనూ పారిటీ తప్పులు (బిట్ల సరిచూపు తప్పడం), అదనపు బైట్లు వస్తున్నాయని మీరు రాశారు. దీనికి కారణం చాలావరకు మీ బోర్డు మీద టెర్మినేటర్లు (లైను చివర పెట్టే నిరోధకాలు) లేకపోవడమే. హెడ్డును ఇప్పుడే కదపకండి.

పెర్‌టెక్ లైన్లు ఓపెన్ కలెక్టర్ లైన్లు, అంటే పంపే చిప్ లైనును కిందికి లాగగలదే గానీ పైకి లేపలేదు; లేపేది నిరోధకాలే. కమాండ్ లైన్ల టెర్మినేటర్లు డ్రైవులో ఉంటాయి గానీ, డ్రైవు పంపే డేటా, రీడ్ స్ట్రోబ్ (ఒక్కో బైటు సిద్ధమని చెప్పే పల్సు) లైన్లకు అవి అందుకునే చివర, అంటే మీ బోర్డు మీదే ఉండాలి. అందరూ వదిలేసేది దీన్నే. మైక్రోకంట్రోలర్ లోపలి పుల్-అప్ (లైనును పైకి లాగే నిరోధకం) పదుల కిలోఓములది కనుక, పొడవైన రిబ్బన్ కేబుల్‌లో స్ట్రోబ్ అంచు నెమ్మదిగా లేచి, ఒక బైటు రెండుగా నమోదవుతుంది, లేదా పూర్తిగా జారిపోతుంది.

1. వచ్చే ప్రతి లైనుకూ 5 వోల్టుల వైపు 220 ఓములు, గ్రౌండు వైపు 330 ఓములు పెట్టండి.
2. కేబుల్ తీసి, బోర్డుకు కరెంటిచ్చి కొలవండి. ప్రతి లైనులోనూ దాదాపు 3 వోల్టులు కనిపించాలి.
3. కమాండ్ లైను కిందికి దిగినప్పుడు సుమారు 23 మిల్లీయాంపియర్లు లాగాలి కాబట్టి, పిన్నుతో నేరుగా కాక ఓపెన్ కలెక్టర్ బఫర్ అయిన 7438 చిప్‌తో నడపండి.
4. ఇక్కడ తక్కువ వోల్టేజీయే 1. ప్రతి బైటులోని బిట్లను తిరగెయ్యండి (0ను 1గా, 1ని 0గా).

టేపు ఇన్నేళ్లూ శ్రీకాకుళం తీరపు తేమలోనే ఉందన్నారు. పొర జిగటగా తగిలితే మాత్రం డ్రైవుకు ఎక్కించకండి, ఆక్సైడ్ ఊడి హెడ్డుకు అంటుకుంటుంది.