పచ్చబొట్టు దగ్గర ఆగమ్మా

అమ్మాయీ,

నీ కథ అంది పదిహేను రోజులైంది. మొదటి సగం చదువుతుంటే కళ్లు చెమర్చాయి. చివరికొచ్చేసరికి కోపం వచ్చింది. కోపం తగ్గాక రాద్దామని ఆగాను. తగ్గలేదు, అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

నన్ను కదిలించిన చోటు ముందు చెబుతాను. నాయనమ్మ పోయింది. పాస్టర్ గారికి కబురు వెళ్లింది. ఆయన బండి చప్పుడు వినబడేలోపు కోడలు గిన్నెతో నీళ్లు తెచ్చి, తువ్వాలు కొస తడిపి, నాయనమ్మ నుదురు తుడుస్తుంది. బొట్టు పోదు. ఇంకాస్త గట్టిగా రుద్దుతుంది. అప్పుడు గుర్తొస్తుంది, అది కుంకుమ కాదు, పచ్చబొట్టని. ముప్పై ఏళ్లు రోజూ చూసిన ముఖమే. తువ్వాలు పక్కన పడేసి, చీర కొంగు నుదుటి మీదికి లాగి, చెవుల వెనక సర్ది కూర్చుంటుంది.

అక్కడ నేను కాగితాలు పక్కన పెట్టి బయటికెళ్లి కాసేపు నిలబడ్డాను. ఆదివారం ఆదివారం చర్చి ఊడ్చి, చాపలు పరిచి, ఆరాధన మొదలయ్యేసరికి గుమ్మం బయట కూర్చున్న మనిషి. కొడుకులు, మనవలు అందరూ బాప్తిస్మానికి నీళ్లలో దిగినా తను దిగని మనిషి. ఆమె జీవితమంతా ఆ కొంగు కింద ఉంది. కోడలి ప్రేమ, భయం రెండూ ఆ తడి తువ్వాల్లో ఉన్నాయి. కథ అక్కడ అయిపోయింది.

నువ్వు ఇంకో నాలుగు పేజీలు రాశావు.

ఆ నాలుగు పేజీల్లో మొదటిది టీ కొట్టు దగ్గర వాదన. మనిషి విశ్వాసం వల్ల రక్షింపబడతాడా, క్రియల వల్లనా అని ఇద్దరు కుర్రాళ్లు తగువు పడి, బైబిల్లోని ఎఫెసీ పత్రిక నుంచి ఒకరు, యాకోబు పత్రిక నుంచి ఇంకొకరు వచనాలు చెప్పుకుని, టీ చల్లారేలోపు రాజీకొస్తారు. అమ్మా, 1517లో జర్మనీలో మార్టిన్ లూథర్ మొదలుపెట్టిన ఆ తగువు మీద లూథరన్లు, కతోలికులు ఒక ఉమ్మడి కాగితం మీద సంతకాలు పెట్టడానికి 1999 అక్టోబర్ 31 దాకా పట్టింది. అప్పటికీ కొన్ని సంగతులు తేలలేదు. నీ కుర్రాళ్ల తొందర వాళ్లది కాదు, నీది. ఆ పేజీ కొట్టెయ్. దాని గురించి ఇంకేం చెప్పను.

తర్వాతి మూడు పేజీలే నాకు కోపం తెప్పించినవి. మనవరాలికి కల వస్తుంది. ముత్యాల గుమ్మాలు, బంగారు వీధి, తెల్లని వస్త్రాలు. నాయనమ్మ నడిచి వస్తుంది. "ఆమె నుదురు తేటగా, మచ్చలేకుండా ఉంది" అని రాశావు. అంటే కోడలు తుడవలేకపోయిన బొట్టును నువ్వు పరలోకం చేత తుడిపించావు. ఆ సంగతి నీకు తట్టిందా?

నా నమ్మకం ఒకటి ఉంది. నలభై ఏళ్లుగా దాన్ని పట్టుకునే రాస్తున్నాను. కథ రాసేవాడు పోయినవాళ్ల వెంట గోతి గట్టు దాకే వెళ్లాలి. గుప్పెడు మట్టి వేసి అక్కడే నిలబడాలి. ఆపైన జరిగేది నమ్మొచ్చు, పాడొచ్చు, మోకాళ్లూని అడగొచ్చు. కళ్లతో చూసొచ్చినట్టు మాత్రం రాయకూడదు.

దీనికి సువార్తే సాక్ష్యం. బేతనియ లాజరును గుర్తు తెచ్చుకో. నాలుగు రోజులు సమాధిలో ఉన్నాడు. చేతులకూ కాళ్లకూ కట్లతోనే నడిచి బయటికొచ్చాడు. లోపల ఏం చూశాడు? ఎవరు కనిపించారు? యోహాను ఒక్క మాట కూడా రాయలేదు. ఊరంతా అడిగే ఉంటారు, అక్కచెల్లెళ్లయినా అడిగే ఉంటారు. అయినా అతని నోట ఒక్క పలుకు లేదు. దానికి ముందు రాసింది మాత్రం "యేసు కన్నీళ్లు విడిచెను" అని. రెండు నిమిషాల్లో బతికించబోతున్న మనిషి కోసం ఏడ్చాడు. సువార్తికుడికి సమాధి లోపలి సంగతి కన్నా బయటి ఏడుపు ముఖ్యమనిపించింది.

లూకా సువార్తలో ఇంకో లాజరు ఉన్నాడు, ధనవంతుడి వాకిట్లో పడి ఉన్నవాడు. "అక్కడ పాతాళం, అగ్ని, అబ్రాహాము రొమ్ము అన్నీ ఉన్నాయి కదా" అని నువ్వు అడగొచ్చు. ఉన్నాయి. అయితే అది ఉపమానం, చెప్పినవాడు యేసు. అందులోనూ ఆయన దేన్ని చూపించాడో చూడు. పుండ్లు నాకుతున్న కుక్కలు, నీళ్లలో ముంచిన వేలికొన. ధనవంతుడు మంటల్లో ఉండి కూడా ఏమంటాడు? "లాజరును పంపుము" అంటాడు. నీళ్లు తెమ్మని అప్పటికీ వాడికే పని చెబుతున్నాడు. బతికుండగా వాకిట్లో పడున్న మనిషి పేరు వాడికి తెలుసన్నమాట. బావి గట్టున దూరంగా నిలబడి, ఎవరైనా తోడి పోస్తే తప్ప బిందె నిండని మన తాతమ్మలకి ఈ కథలో నీళ్ల చుక్క అంటే ఏమిటో ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు. చచ్చాక జరిగే సంగతి చెబుతూ బతికున్నప్పటి నీళ్ల తగువు చెప్పాడాయన. నీ బంగారు వీధిలో అలాంటి చుక్క ఒక్కటీ లేదు.

ఇంకొకటి చెప్పాలి. "చినిగిన చీర విడిచినట్టు ఆమె ఆత్మ దేహాన్ని విడిచింది" అని రాశావు. వాక్యం బాగుంది. కానీ అది గీతలోని పోలిక. తెలుగు గాలిలో ఉంది కాబట్టి నీ కలంలోకి వచ్చేసింది. సంఘం నమ్మేది వేరు. దేహం విడిచిన బట్ట కాదు, అదే తిరిగి లేస్తుందని విశ్వాస ప్రమాణంలో ప్రతి ఆదివారం చెబుతారు. కొరింథీయులకు పౌలు ఇచ్చిన పోలిక విత్తనం: "నీవు విత్తునది చచ్చితేనే గాని బ్రదికింపబడదు గదా." జీవితమంతా నాట్లకీ కలుపుకీ వెళ్లిన నీ నాయనమ్మకి ఏ పోలిక దగ్గరిది? "ప్రభువునందు నిద్రించింది" అనే మాట అక్కడి నుంచే వచ్చింది. సిమెట్రీ అన్న మాటకు కూడా గ్రీకులో మొదటి అర్థం నిద్రపోయే చోటు అనే.

ఈ మాట దగ్గర నాకొక పాత గాయం ఉంది. నా రెండో కథ ఒక పత్రికలో పడినప్పుడు "అమ్మ ప్రభువునందు నిద్రించింది" అన్న వాక్యాన్ని సంపాదకుడు "అమ్మ స్వర్గస్థురాలైంది" అని మార్చేశాడు. అడిగితే "అది మిషనరీ తెలుగు, మన పాఠకులకి పట్టదు" అన్నాడు. లక్షల ఇళ్లలో చావు కబురు చెప్పే మాట తెలుగు కాకుండా ఎలా పోయిందో ఈనాటికీ నాకు అర్థం కాలేదు. అటు ఒక క్రైస్తవ మాసపత్రిక వాళ్లు ఇంకో కథ తిప్పి పంపారు, చివర్లో ఎవరూ మారుమనస్సు పొందలేదని. ఈ మధ్య ఇంకో ఫ్యాషన్ వచ్చింది. కథలో పాస్టర్ ఉంటే వాడు దొంగే అయి ఉండాలి. నువ్వు అలా చేయలేదు. నీ పాస్టర్ గారు సమాధుల దొడ్డిలో చోటివ్వొద్దన్న సంఘపెద్దల మాట కాదనలేక, ఇంటికెళ్లి అన్నం తినలేకపోతాడు. ఆ మనిషిని చెడగొట్టకు.

కానీ ఆయన అడిగిన ప్రశ్న చూడు. "ఆమె రక్షణ పొందిందా?" కొడుకు తల దించుకుంటాడు. ఎందుకమ్మా దించుకుంటాడు? పాతికేళ్లుగా శుభ శుక్రవారం మూడు గంటల ఆరాధనలో కూర్చున్నవాడు. సిలువ మీద యేసు అన్న ఏడు మాటల్లో రెండోది, పక్క సిలువ మీది దొంగతో అన్న మాట, వాడికి నిద్రలో లేపి అడిగినా వస్తుంది: "నేడు నీవు నాతోకూడ పరదైసులో ఉందువు." ఆ దొంగ ఏ నీళ్లలో దిగాడు? ఏ సంఘం రిజిస్టర్లో వాడి పేరుంది? ఆ మాట కొడుకు నోట రావాలి. పెద్దగా కాదు, వాదనగానూ కాదు, గొంతు పూడుకుపోయి సగంలో ఆగిపోతూ రావాలి. రక్షణ గురించి నువ్వు చెప్పదలచుకున్నదంతా ఒక కొడుక్కి తల్లి కోసం అవసరపడిన వచనంగా వస్తే జనం ఏడుస్తారు. నువ్వు పక్కన నిలబడి చెబితే పేజీ తిప్పేస్తారు.

నాయనమ్మ నోట ఆ "రక్షణ" అన్న మాట ఒక్కసారైనా పలికించావా? వెతికాను, ఎక్కడా లేదు. ఆమె దాన్ని ఎలా విని ఉంటుందో ఆలోచించు. చర్చి బయట ఊళ్లో ఆ మాటకి కాపాడటమనే అర్థం. ఎవరి నుంచి కాపాడటం, దేన్నుంచి కాపాడటం అని ఆమె మనసులో ఏదో ఒకటి ఉండే ఉంటుంది.

నా మీదే జరిగింది ఒకటి చెబుతాను, ఇన్నేళ్లలో ఎక్కడా రాయలేదు. నాకన్నా చిన్నవాడు ఒక తమ్ముడు పుట్టి పదకొండో రోజు రాత్రి పోయాడు. మాది గుంటూరు వైపు లూథరన్ కుటుంబం. మాలో పసిపిల్లలకే బాప్తిస్మం ఇస్తారు. వచ్చే ఆదివారం అనుకున్నారు. ప్రాణం మీదికొస్తే అయ్యగారు, అంటే పాస్టర్, లేకపోయినా ఇంట్లో విశ్వాసి ఎవరైనా నీళ్లు పోసి ఇవ్వొచ్చని అమ్మకి తెలియదు, తర్వాత తెలిసింది. "కడవ నిండా నీళ్లున్నాయిరా ఆ రాత్రి" అని చనిపోయేదాకా అంటూనే ఉంది. ఇంకేం అనేది కాదు, అంతవరకే అని ఊరుకునేది.

ఇరవై మూడేళ్ల వయసులో దాన్ని కథగా రాశాను. అందులో అమ్మ "నా బిడ్డ ఎక్కడున్నాడు?" అని అడుగుతుంది. అయ్యగారు చిన్నబిడ్డలను ఆటంకపరచవద్దన్న వాక్యం చెప్పి, బిడ్డ ప్రభువు ఒడిలో ఉన్నాడని రెండు పేజీలు ఆదరిస్తారు. అచ్చయింది. అమ్మకి చదివి వినిపించాను. అంతా విని అంది: "అయ్యగారు అట్లా చెప్పలేదురా. ఏమీ చెప్పలేదు. చాప మీద నా పక్కన కూర్చుని ఏడ్చారు. తర్వాత లేచి కడవలో నీళ్లు ముంచుకుని తాగి వెళ్లారు."

అప్పుడు నాకు బుర్ర తిరిగిపోయింది. నా దగ్గర కడవ ఉంది, నీళ్లున్నాయి, ఏడ్చిన పాస్టర్ ఉన్నారు. అవన్నీ వదిలేసి రెండు పేజీల ఓదార్పు రాశాను. అమ్మకి ఓదార్పు ఇచ్చింది ఆయన ఏడుపు. బైబిల్లో బిడ్డ పోయాక దావీదు రాజు అన్నది కూడా ఇంతే: "నేను వానియొద్దకు పోవుదును గాని వాడు నాయొద్దకు మరల రాడు." ఎక్కడికి, ఎలా అని వివరం లేదు.

బాప్తిస్మం లేకుండా పోయిన పసివాళ్ల గురించి పాశ్చాత్య సంఘం వందల ఏళ్లు తల బద్దలు కొట్టుకుంది. తొలినాటి సంఘ పండితుడు అగస్టీను వాళ్లకి శిక్ష తప్పదన్నాడు, అందరిలోకీ తేలికైన శిక్షే అయినా సరే. తర్వాతివాళ్లు లింబో అని ఒక చోటు ఊహించారు. చివరికి 2007లో రోమ్‌లోని కతోలిక వేదాంతుల సంఘం, వాళ్లు రక్షింపబడతారని ఆశపడటానికి గట్టి ఆధారాలున్నాయి, అది ఆశే గాని తెలిసిన సంగతి కాదు అని రాసింది. అది చదివిన రోజు అమ్మ లేదు. ఉంటే చదివి వినిపించేవాణ్ని. అంత చదువుకున్నవాళ్లు ఆశ దగ్గర ఆగారు. నువ్వూ అక్కడే ఆగొచ్చు.

ఒక తప్పు కూడా దిద్దాలి. నీ కథలో ఒకడు "మన తాతలు కరువులో గింజల కోసం క్రైస్తవంలో కలిశారు" అంటాడు, ఎవరూ ఎదురు చెప్పరు. మీ ఒంగోలు చరిత్ర నీకు తెలియాలి. 1876-78 కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి చూపించాడు. గింజల కోసం వచ్చారన్న మాట రాకూడదనే ఆ కరువు పని సాగినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ తర్వాత 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది దిగారు. ఎక్కువమంది మాదిగలు. కూలి ఆగిపోయాక వచ్చి వరసలో నిలబడ్డవాళ్లు. వాళ్లకి రక్షణ అంటే చచ్చాక దొరికేదేనా, ఆ నీళ్లలో దిగే హక్కు కూడానా? నాయనమ్మ దిగకపోవడానికి కారణం వెతికేటప్పుడు వాళ్లు దిగిన కారణం కూడా నీ మనసులో ఉండాలి.

మళ్లీ ఆ నుదుటి దగ్గరికే వస్తాను. తిరిగి లేచిన క్రీస్తు తన శిష్యుడు తోమాకి ఏం చూపించాడు? చేతుల్లో మేకుల గుర్తులు, పక్కలో గాయం. మహిమ శరీరానికి కూడా ఆ మచ్చలు పోలేదు. అలాంటప్పుడు పదేళ్ల పిల్లగా ఉన్నప్పుడు ఏడుస్తూ పొడిపించుకున్న ఆ పచ్చబొట్టు ఎవరికి అడ్డమొచ్చిందని తుడిచావు? ఆమెను ఆమెగా గుర్తుపట్టేది దానితోనే కదా.

పోటీకి పంపాలా, ఏ పత్రికకి పంపాలా అని అడిగావు. అదంతా తర్వాత చూద్దాం. ముందు ఆ నాలుగు పేజీలూ తీసెయ్. కొడుకు సగంలో ఆగిపోయిన మాట ముందుకు తెచ్చి పెట్టు. పెట్టె మూత ఎవరు వేశారో నువ్వు రాయలేదు. పాస్టర్ గారు ప్రార్థన చేయడానికి వంగినప్పుడు ఆ కొంగు జరిగిందో లేదో కూడా రాయలేదు. జరిగితే ఆయన చూసే ఉంటాడు. చూసి ఏం చేశాడో ఆలోచించి రాసి పంపు.

ఆశీస్సులతో.