గాలికి ఎదురెళ్లే బండి

ప్రశ్న: నేను కావలిలో ఒక బ్యాంకులో పనిచేస్తున్నాను. వయసు 27, బరువు 78 కిలోలు. మూడేళ్లుగా అల్యూమినియం ఫ్రేము రోడ్ బైకు తొక్కుతున్నాను. షిమానో 105 రకం గేర్లు, రిమ్ బ్రేకులు, మొత్తం 9.4 కిలోలు. వచ్చేసారి గోవా 70.3 ట్రయాథ్లాన్‌కు వెళ్లాలని ఆశ. లక్షన్నర దాచుకున్నాను. విడిగా కార్బన్ ఫ్రేము తెప్పించి, ఒక్కో పార్టు ఏరి, 7 కిలోల్లోపు ట్రయాథ్లాన్ బైకు కట్టించుకోవాలనుంది. కార్బన్ సీటు, కార్బన్ సీట్ పోస్టు, టైటానియం బోల్టులు, పల్చటి ట్యూబులు, 50 మిల్లీమీటర్ల లోతు రిమ్ములు అనుకుంటున్నాను. పూర్తి లిస్టు జతచేశాను. సరైనవేనా?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: మీ లిస్టు రెండుసార్లు చదివాను. ప్రతి పార్టు పక్కనా గ్రాములు రాశారు, చివర 6.9 అని కూడి కింద రెండు గీతలు గీశారు. అంత శ్రద్ధ పెట్టిన మనిషికి పైపైన జవాబు చెప్పి పంపలేను. కానీ ఆ కాగితంలో మీ ఎత్తు లేదు, కాళ్ల పొడవు లేదు, ముందుకు వంగి ఎంతసేపు ఉండగలరో లేదు. నెల్లూరులో మా నాయన సైకిల్ షాపులో నేను మొదట నేర్చుకున్న పని అదే. కొత్త బండి కోసం ఎవరొచ్చినా "అబ్బయా, ముందు ఆయన్ని నిలబెట్టి చూడు" అనేవాడు. అట్లాసు బండికైనా, కార్బన్ బండికైనా ఆ మాట మారదు.

ముందు లెక్క చూద్దాం. 70.3 అంటే 1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైకిలు, 21.1 కిలోమీటర్ల పరుగు. అన్నీ కలిపితే 70.3 మైళ్లు. సైకిలు మీద ఒకరి వెనక ఒకరు చేరి గాలి తప్పించుకోవడానికి ఒప్పుకోరు. 90 కిలోమీటర్లూ మీ గాలి మీరే చీల్చుకోవాలి. మీలాంటి మనిషి మామూలుగా హ్యాండిల్ పట్టుకుని, చదును రోడ్డు మీద గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోవాలంటే దాదాపు 150 వాట్లు కావాలి. అందులో మూడొంతుల దాకా గాలికే పోతుంది. బండి 9.4 నుంచి 7 కిలోలకు దిగితే మిగిలేది ఒక్క వాట్. 90 కిలోమీటర్లకు అర నిమిషం! అదే మనిషి ఏరోబార్ల (హ్యాండిల్ ముందుకు బిగించే కడ్డీల) మీద మోచేతులు ఆనించి, వీపు చదునుగా పెట్టి, తల దించుకుని కూర్చోగలిగితే 20 వాట్ల పైనే మిగలొచ్చు. అంటే పది నిమిషాలు. ఎత్తు ఎక్కేచోట బరువు లెక్కలోకొస్తుంది, కాదనను. 100 మీటర్ల ఎత్తు ఎక్కితే ఆ 2.4 కిలోలు మీ దగ్గర 15 సెకన్లు తీసుకుంటాయి. మీరు రోజూ తొక్కే తుమ్మలపెంట రోడ్డు మీద ఎక్కేదెంత, చెప్పండి? ఇంకొకటి, రెండు పెద్ద సీసాల నిండా నీళ్లు పెట్టుకుంటే కిలోన్నర. మన ఎండలో ఆ నీళ్లు తగ్గించుకోకూడదు.

అందుకని ఈ సంవత్సరం ఫ్రేము కొనొద్దు. మీ అల్యూమినియం బండికే ఏరోబార్లు పెట్టించి, ట్రయాథ్లాన్‌కు అమర్చుకోండి.

ఎలాగంటే, రోడ్ బైకులో సీటు ట్యూబు (సీటు కింది ఫ్రేము గొట్టం) కోణం 73 డిగ్రీల దగ్గర ఉంటుంది. ట్రయాథ్లాన్ ఫ్రేముల్లో 76 నుంచి 80 దాకా. సీటు అంత ముందుకొస్తే, ఛాతీ కిందికి దించినా తొడ పైకొచ్చి పొట్టకు గుద్దుకోదు, తుంటి దగ్గర చోటు మిగులుతుంది. ఆ చోటు లేకుండా మూడు గంటలు తొక్కి దిగిన మనిషి పరుగు మొదలుపెట్టగానే నడుము పట్టుకుని నిలబడిపోతాడు. వెనక్కి వంపు లేని నిటారు సీట్ పోస్టు వేసి, సీటును పట్టాల మీద ముందుకు జరిపితే మీ బండిలోనే మూడు నాలుగు డిగ్రీలు రాబట్టొచ్చు. క్రాంకు (పెడల్ బిగించే కడ్డీ) పొడవు 172.5 మిల్లీమీటర్లు ఉంటే 165కు మార్చండి. పెడల్ పైకొచ్చినప్పుడు మోకాలు ఆ మేరకు తక్కువ లేస్తుంది. సీటును మాత్రం గ్రాములు చూసి కొనకండి. ముందుకు వంగితే బరువంతా సీటు ముక్కు మీద పడుతుంది కాబట్టి ముక్కు చీలి ఉన్న ట్రయాథ్లాన్ సీటు కావాలి. అది మీరు రాసిన కార్బన్ సీటుకు రెండింతలు బరువుంటుంది, అయినా అదే తీసుకోండి. పది నిమిషాలకోసారి తిమ్మిరెక్కి లేచి కూర్చుంటే ఏరోబార్లు పెట్టించుకున్న ప్రయోజనం మొత్తం పోతుంది.

ఇక మీ లిస్టులోవి. 50 మిల్లీమీటర్ల రిమ్ము ముందు చక్రానికి వద్దు. మన జాతీయ రహదారి 16 దాదాపు ఉత్తర దక్షిణాలుగా పోతుంది, సముద్రపు గాలి తూర్పు నుంచి వస్తుంది. అంటే పొద్దెక్కాక గాలి సరిగ్గా పక్కనుంచి కొడుతుంది. దానికి తోడు లారీ దాటిపోయినప్పుడు ఒక తోపు. చేతులేమో ఏరోబార్ల చివర, బ్రేకులకు దూరంగా ఉంటాయి. అలాంటప్పుడు లోతు రిమ్ము హ్యాండిల్‌ను లాగితే ఏం జరుగుతుందో నేను చెప్పక్కర్లేదు. పైగా మీవి రిమ్ బ్రేకులు. కార్బన్ రిమ్ముకు వేరే బ్రేకు ప్యాడ్లు కావాలి, తడిస్తే పట్టు బాగా తగ్గుతుంది. ఉన్న చక్రాలకే అవుట్ తీయించి, హబ్బు బేరింగులు మార్పించండి.

టైర్ల దగ్గర మాత్రం లోభించొద్దు. డబ్బుకు ఎక్కువ ఫలితం ఇచ్చే పార్టు అదే. మంచి రేసు టైరు, 25 సైజు, ఫోర్కులోనూ ఫ్రేములోనూ పడితే 28. గాలి 120 పౌండ్లు కొట్టించే అలవాటుంటే మానుకోండి. మీ బరువుకు 28 సైజులో 75 చాలు. గతుకుల మీద రాయిలా ఎగిరే టైరు వేగాన్ని తినేస్తుంది. ఇక ట్యూబులు. మామూలు ట్యూబు 100 గ్రాములు, పల్చటి టీపీయూ (ఒక రకం ప్లాస్టిక్) ట్యూబు 35. తూకం వేసి చూస్తే ఆశ పుట్టే మాట నిజమే. రేసుకు వేసుకోండి. ప్రాక్టీసుకు వద్దు. మైపాడు రోడ్డులో రొయ్యల గుంటల పక్కన ముళ్ల చిల్లచెట్లు కొట్టి పడేసిన రోజుల్లో ఒకే ఉదయం మూడు పంచర్లు వేసుకున్నాను. టైరు లోపల వేలితో తడిమితే తగలదు, గోరుతో గీరితే అప్పుడు తెలుస్తుంది, ఆ ముల్లు మొన అంత సన్నంగా విరిగి లోపల ఉండిపోతుంది. అది తీయకుండా కొత్త ట్యూబు వేస్తే అదీ పోతుంది.

కార్బన్ సీట్ పోస్టు గురించి నా తప్పొకటి చెప్పాలి. ఇనప బండ్ల మీద పెరిగిన చెయ్యి నాది. మొదట్లో ఒక కుర్రాడి బండికి కార్బన్ పోస్టు బిగిస్తూ, జారుతోందని ఎల్ పానాతో ఇంకో పావు తిప్పు వేశాను. సన్నగా 'టిక్' మంది. బయటికి తీసి వెలుగులో తిప్పి చూస్తే క్లాంపు అంచు వెంట వెంట్రుక మందాన గీత. ఆ పోస్టు ఖరీదు నేనే కట్టాను. ఆ కుర్రాడు ఆ గీతతోనే హైవే ఎక్కి ఉంటే ఏమయ్యేదోనన్న ఆలోచన ఇప్పటికీ వదల్లేదు. కార్బన్‌కు గ్రీజు పూయకూడదు, గరుకు పేస్టు పూయాలి, పార్టు మీద రాసిన న్యూటన్ మీటర్లకు మించి బిగించకూడదు, సాధారణంగా 5 ఉంటుంది. టైటానియం బోల్టులకు పెట్టే డబ్బుతో ఎంత బిగించారో చూపే మంచి టార్క్ పానా కొనండి.

ఇవన్నీ అయ్యాక మీ లక్షన్నరలో సగానికి పైగా మిగలాలి. ఆ డబ్బును కదిలించకుండా ఆరు నెలలు ఏరోబార్ల మీద తొక్కండి. వారానికోసారి 60 కిలోమీటర్లు తొక్కి, దిగీ దిగగానే 3 కిలోమీటర్లు పరిగెత్తండి. నడుము పట్టేస్తే ఏరోబార్ల ప్యాడ్లు 5 మిల్లీమీటర్లు పైకి లేపి మళ్లీ చూడండి. ఒకచోట శరీరం సరే అంటుంది. అప్పుడు బాటమ్ బ్రాకెట్ (పెడళ్ల ఇరుసు తిరిగే చోటు) నడిమధ్య నుంచి సీటుకు, ప్యాడ్లకు ఎత్తు, దూరం కొలిచి రాసుకోండి. ఫ్రేము కొనేరోజు స్టాక్ (అక్కణ్నుంచి ఫ్రేము ముందు భాగం ఎత్తు), రీచ్ (దాని దూరం) అంకెలను ఈ కొలతలతో పోల్చి చూడాలి. హ్యాండిల్, దాన్ని పట్టి ఉంచే స్టెమ్ ఒకటిగా కలిసిపోయిన ఫ్రేము అయితే ఈ కొలత లేకుండా కొంటే దిద్దుకోవడం చాలా కష్టం. బాటమ్ బ్రాకెట్ మరలు ఉన్న రకం దొరికితే అదే ఎంచుకోండి. నొక్కి కూర్చోబెట్టే రకానికి కిర్రుమనే జబ్బు ఎక్కువ, మన ఊళ్లలో దాని పనిముట్లూ తక్కువ.

ప్రశ్న: వారానికి మూడు రోజులు ఒంగోలు నుంచి కొత్తపట్నం బీచికి తొక్కుతాను. ఏడాదికే స్టెమ్ బోల్టులు తుప్పు పట్టాయి, చైను కరకరమంటోంది. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: అమ్మా, ఆ బోల్టులకు సముద్రపు ఉప్పుతో పాటు మీ చెమట కూడా చేటు చేస్తుంది. వంగి తొక్కేటప్పుడు గడ్డం మీంచి బొట్లు బొట్లుగా సరిగ్గా స్టెమ్ మీదే పడుతుంది. ఇంటికి రాగానే మగ్గుతో మంచినీళ్లు మెల్లగా పోసి తుడవండి, గట్టిగా నీళ్లు చిమ్మే పైపు వద్దు. నెలకోసారి బోల్టులు ఒక్కొక్కటే తీసి మరలకు గ్రీజు పూసి బిగించండి. చైనుకు నూనె మానేసి మైనం పట్టించండి. క్విక్ లింకు విప్పి, చైనును ఆరుబయట, పొయ్యికి దూరంగా పెట్రోలులో శుభ్రంగా కడిగి, పూర్తిగా ఆరనివ్వండి. వేడినీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి పారాఫిన్ మైనం కరిగించి, చైను అందులో పది నిమిషాలు ఉంచి తీయండి. చల్లారాక కర్రలా బిగుసుకుంటుంది, చేత్తో ఒక్కో లింకూ విరిస్తే వదులవుతుంది. మైనం పట్టిన చైనుకు ఇసుక అంతగా అంటుకోదు. 250 కిలోమీటర్లకోసారి మళ్లీ పట్టించాలి.