వందకి పావలా

పాలకొల్లు

చి.ల.సౌ. అమ్ములుకు పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

మొన్న ఫోన్లో నీ గొంతు విన్నప్పటి నుంచి మనసు అక్కడే ఉంది. రాజమండ్రిలో కొత్త కాపురం. నెల సరుకులకి వెళ్లి 4,800 బిల్లు కట్టి, వాళ్లిచ్చిన పాయింట్ల కార్డుతో వచ్చావు. "ఏది తగ్గించారో, ఏది పెంచారో తెలియట్లేదు పెద్దమ్మా, నాకే లెక్కలు రావేమో" అన్నావు. ఇంజనీరింగ్ చదివిన పిల్లవి, నీకు లెక్కలు రాకపోవడమేమిటి? ఆ లెక్క కొనేవాళ్లకి ఒక పట్టాన తేలకుండా వేసిన లెక్క. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నాను.

మీ పెదనాన్నా నేనూ ముప్ఫై ఏళ్లు కిరాణా కొట్టు నడిపాం కదా. చుట్టుపక్కల రైతులకి మా దగ్గర ఖాతాలుండేవి, దాళ్వా ధాన్యం అమ్మాక వచ్చి తీర్చేవాళ్లు. వాళ్ల పిల్లలు సరుకులకి వస్తే గుప్పెడు పుట్నాలో, చిన్న బెల్లం ముక్కో చేతిలో పెట్టేవాళ్లం. కొసరంటే అది. అప్పటికప్పుడు చేతిలో పడేది. దానికి గడువు లేదు, ఇంత కొంటేనే ఇస్తామన్న షరతూ లేదు. ఇప్పటి పాయింట్ల కార్డు కూడా అలాంటి కొసరే అనుకుని నేనూ ఒకటి తీసుకున్నాను.

కొట్టు తీసేశాక భీమవరంలో ఒక పెద్ద షాపులో ఇచ్చారు ఆ కార్డు. వంద రూపాయలకి ఒక పాయింటు. రెండేళ్లపాటు సరుకులూ బట్టలూ, ఇంట్లోకి మిక్సీ, అన్నీ అక్కడే కొన్నాను. 1,340 పాయింట్లయ్యాయి. ఆ ఏడు సంక్రాంతికి మనవల బట్టలు వీటితోనే వచ్చేస్తాయని సంబరంగా వెళ్లాను. పాయింటుకి పావలా అంది కౌంటర్లో అమ్మాయి. అంటే అన్నీ కలిపి 335 రూపాయలు. అందులోనూ సగానికి పైగా గడువు దాటిపోయాయట. మిగిలినవి వాడుకోవాలంటే బిల్లు 3,000 దాటాలట. ఆ పిల్లని ఏమనగలను, నిబంధనలు రాసింది తను కాదు. ఇంటికొచ్చి చిట్టా పుస్తకం వెనక లెక్క వేశాను. లక్షా ముప్ఫై నాలుగు వేలు ఖర్చు పెడితే 335. వందకి పావలా! ఆ పావలా కోసం మన వీధి కొట్లో కిలోకి నాలుగైదు రూపాయలు తక్కువకి దొరికే పప్పుని వదిలేసి, బస్సు ఛార్జీ పెట్టుకుని భీమవరం వెళ్లాను. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

అందుకని, ఎవరైనా కార్డు ఇస్తామంటే ముందు అడుగు. పాయింటు ఎన్ని పైసలు? ఎన్నాళ్లుంటుంది? ఎంత బిల్లు మీద వాడుకోవచ్చు? జవాబు సూటిగా రాకపోతే ఆ కార్డు నీకు అక్కర్లేదు. "మీ పాయింట్లు రేపటితో అయిపోతాయి" అని మెసేజ్ వస్తే పరిగెత్తకు. ఇంట్లో ఉప్పో పప్పో నిండుకుంటే వెళ్లు, పాయింట్లు నిండుకున్నాయని వెళ్లకు.

ఫోన్ నంబరు చెప్పకపోతే బిల్లు రాదన్నారని చెప్పావు కదా, అది తప్పు. బిల్లు కోసం నంబరు ఇచ్చి తీరాలని పట్టుబట్టకూడదని కేంద్ర వినియోగదారుల శాఖ 2023 మేలోనే దుకాణాలకి చెప్పింది. "నంబరు ఇవ్వనండీ, బిల్లు ఇవ్వండి" అని నెమ్మదిగా అను. వెనకాల లైన్లో జనం ఉన్నారని మొహమాటపడకు.

ఇక ధరల సంగతి. ప్యాకెట్ మీద ఎంఆర్‌పీ కొట్టేసి పక్కన ఇంకో ధర వేస్తే మనకి మిగిలినట్టే అనిపిస్తుంది. ఎంఆర్‌పీ అంటే అంతకు మించి అమ్మకూడదన్న హద్దు మాత్రమే. పన్నులన్నీ అందులోనే ఉంటాయి. మా కొట్లో చాలా సరుకులు దానికంటే తక్కువకే ఇచ్చేవాళ్లం, దాన్ని మేమెప్పుడూ ఆఫర్ అనలేదు. కాబట్టి కొట్టేసిన అంకె వైపు చూడనే చూడకు. కిలో ఎంత పడింది? అదొక్కటే చూడు.

నువ్వు చెప్పిన కందిపప్పే తీసుకుందాం. కిలో ప్యాకెట్ 190 కొట్టేసి 152 అన్నారు. దాని పక్కనే అరకిలో 74కి ఉందన్నావు. రెండు అరకిలోలు కొంటే 148. పెద్ద ప్యాకెట్ మీద ఎర్ర అక్షరాలతో ఆఫర్ అని ఉంది కాబట్టి అదే చవకని తెచ్చుకున్నావు. ఇందులో నీ తప్పేం లేదమ్మా, ఎవరికైనా కన్ను అటే పోతుంది. ఇప్పుడు ప్యాకెట్ల మీద ఎంఆర్‌పీతో పాటు యూనిట్ ధర కూడా వేయాలి. కిలో లోపు వాటికి గ్రాముకింత అని, కిలో దాటితే కిలోకింత అని సన్నగా వేస్తారు. అయితే అది ఎంఆర్‌పీ మీద కట్టింది. షాపు వాళ్లు తగ్గించి అమ్ముతుంటే ఫోన్లో క్యాలిక్యులేటర్ తీసి నువ్వే భాగించుకో. నాలుగు రోజులు చేస్తే చేతికి అలవాటైపోతుంది.

బట్టల దగ్గర ఇంకో రకం. 50 శాతం, దాని మీద 20 శాతం అంటే 70 కాదు. వెయ్యి రూపాయల చీర మొదట 500 అవుతుంది, ఆ 500లో 20 శాతం పోతే 400. అంటే తగ్గింది 60 శాతమే. ఆషాఢం బోర్డుల మీద "70 శాతం వరకు" అని ఉంటుంది. ఆ "వరకు" అన్న మాట ఎంత చిన్నగా రాస్తారో ఒకసారి గమనించు. రెండు చొక్కాలు కొంటే ఒకటి ఉచితం అన్నచోట, అల్లుడు గారికి కావలసింది ఒక్కటే అయితే 1,200తో పోయేదానికి 2,400 పెట్టి వస్తావు.

బిల్లు మాత్రం కౌంటర్ దగ్గరే నిలబడి చదువు. మా కొట్లో మీ పెదనాన్న పద్దు పైకి చదివి, అవతలివాళ్లు సరేనన్నాకే సంచి మూతి కట్టేవారు. ఇప్పుడు అరలో ఒక ధర ఉంటుంది, మెషిన్లో ఇంకో ధర పడుతుంది. ఆఫర్ నిన్నటితో అయిపోయినా చీటీ తీయరు. అనుమానమున్న వాటి దగ్గర చీటీకి ఫోటో తీసుకుని, కౌంటర్లో చూపించు. సంచికి విడిగా డబ్బులు వేస్తారు కాబట్టి ఇంటి నుంచే సంచి పట్టుకెళ్లు.

ముందు మేనేజర్‌తో మాట్లాడు. వినకపోతే 1915కి ఫోన్ చెయ్యి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. బిల్లు, ఆ ఫోటో దగ్గర పెట్టుకుని చెయ్యి. పది రూపాయల కోసం ఇంత అవసరమా అని ఎవరన్నా అంటే పట్టించుకోకు. అది మీ ఇద్దరి కష్టార్జితం.

ఈసారి వచ్చేటప్పుడు ఆ 4,800 బిల్లూ, కార్డూ తీసుకురా. మన పెరటి కొబ్బరికాయలు ఎండబెట్టి గానుగ ఆడించాను, నీకు రెండు లీటర్లు తీసి ఉంచాను. నూనె కొనకు.

పెద్దమ్మ