కువైట్‌లో పెరిగిన అమ్మాయికి 650 పదాలు

ప్రశ్న: మాది రాయచోటి దగ్గర పల్లె. పద్నాలుగేళ్లుగా కువైట్‌లో ఉన్నాం. పాప ఇక్కడే ఇండియన్ స్కూల్లో 12వ తరగతి. కామన్ యాప్‌లో (చాలా కాలేజీలకు ఒకే దరఖాస్తుతో అప్లై చేసే వెబ్‌సైట్) అమెరికా కాలేజీలకు అప్లై చేస్తోంది. దానికి రాయాల్సిన వ్యాసంలో 'రెండు సంస్కృతుల మధ్య నలిగిపోయాను' అని రాసింది. బరువుగా ఉంటుందని నేను కువైట్ చరిత్ర కొంత చేర్చాను. శుక్రవారాలు మనవైపు ఆడవాళ్లకు ఫారాలు నింపడం మాని దీనిమీద కూర్చోమంటే వినదు. మీరైనా చెప్పండి మేడమ్.

జవాబు: చెప్పాల్సింది పాపకు కాదండీ, మీకు. ముందు ఆ చరిత్ర తీసేయండి. వ్యాసానికి హద్దు 650 పదాలు. 1990లో ఇరాక్ సైన్యం వచ్చినప్పుడు మీ పాప పుట్టనే లేదు. దానికి వంద పదాలు పోతే ఆమెకు మిగిలేదెంత? ఎక్కడ చదివిందో, ఏ దేశ పౌరురాలో అప్లికేషన్‌లో వేరే గళ్లే చెబుతాయి.

ఆ 'నలిగిపోవడం' కూడా వద్దు. పరాయి దేశంలో పెరిగిన పిల్లలు చాలామంది అదే రాస్తారు. లేదంటే లంచ్ బాక్సులో ఇడ్లీ చూసి తోటిపిల్లలు నవ్వారని మొదలుపెడతారు. ఇండియన్ స్కూల్లో ఇడ్లీని చూసి నవ్వేదెవరో నాకిప్పటికీ అర్థం కాదు.

మీరు విసుక్కుంటున్న ఆ శుక్రవారాల్లోనే వ్యాసం ఉంది. అరబ్బీలో 'ప' అక్షరం లేదు. అక్కడి గుర్తింపు కార్డు సివిల్ ఐడీలో అరబ్బీలో రాసేసరికి పద్మావతి కాస్తా బద్మావతి అవుతుంది. ఇలాంటిది పాప మొదట ఎవరి కార్డు మీద చూసింది? ఎవరి ఫారం తప్పు నింపింది, తర్వాత ఏం చేసింది? తన ఇకామా (అక్కడ ఉండేందుకు అనుమతి) కూడా నాన్న ఉద్యోగానికే ముడిపడి ఉందని ఎప్పుడు తట్టింది? ఇవి అడిగి, మీరు ఊరుకోండి. ఆమె చెప్పిన మాటలే కాగితం మీదికి రావాలి. 'నేను వాళ్ల బతుకులు మార్చాను' అనే ధోరణి మాత్రం రానివ్వొద్దు. ఫారం నింపడం ఫారం నింపడమే.

ఏఐతో రాయించి తనదని పంపితే కామన్ యాప్ మోసం కిందే లెక్కగడుతుంది. నాన్న రాసిపెట్టినా, సొంత రాతేనని సంతకం పెట్టాల్సింది పాపే. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌ల దరఖాస్తు వేరు. అక్కడ ఎనిమిది ప్రశ్నల్లో నాలుగింటికి, ఒక్కోదానికి 350 పదాలు మించకుండా రాయాలి. ఎర్లీ గడువు, అంటే ముందుగా అప్లై చేసేవాళ్ల గడువు, చాలా కాలేజీలకు నవంబరు 1 కాబట్టి, అక్టోబరు మొదలయ్యేసరికి రెండో చిత్తుప్రతి సిద్ధంగా ఉండాలి.

అన్నట్టు, ఆ ఆడవాళ్ల అసలు పేర్లు రాయనివ్వకండి. పద్మావతిని పార్వతి చేసినా కథకేం నష్టం లేదు, 'ప' ఉంటే చాలు.