స్లీపింగ్ బ్యాగ్ నీళ్లలో ముంచే ముందు

చిన్నా,

హిమాలయాల్లో కేదార్‌కంఠ శిఖరం నుంచి క్షేమంగా దిగావని మీ అమ్మ చెప్పింది. స్లీపింగ్ బ్యాగ్ ఎలా ఉతకాలని నిన్న నువ్వడిగిన దానికి ఫోన్లోనే జవాబు చెప్పేవాణ్ణి. కానీ నువ్వు "సరే మామయ్యా" అని పెట్టేసి, తిన్నగా వెళ్లి బ్యాగ్‌ని మెషిన్లో పడేస్తావు. నీ సంగతి నాకు తెలుసు. ఇది పూర్తిగా చదివేదాకా దాన్ని తడపకు.

అసలు ఉతకాల్సిన అవసరం ఉందా అన్నది ముందు చూడు. నాలుగైదు రాత్రులు పడుకున్నంత మాత్రాన ఉతకక్కర్లేదు. జిప్పు మొత్తం తీసి, లోపలి వైపు పైకి తిప్పి, బాల్కనీలో నీడన రెండు రోజులు ఆరెయ్యి. సగం వాసన దానికే పోతుంది. తల, మెడ ఆనే చోట జిడ్డు పట్టి ఉంటుంది. అక్కడ పై గుడ్డని వేళ్లతో కాస్త ఎత్తి పట్టుకుని, పాత టూత్‌బ్రష్‌తో సబ్బు నీళ్లు రుద్ది, తడిగుడ్డతో తుడిచెయ్యి. చాలాసార్లు ఇంతే సరిపోతుంది.

అప్పటికీ వాసన పోకపోతే, లేదా బ్యాగ్ మునుపటిలా పొంగకపోతే, అప్పుడు ఉతుకు. నీది డౌన్ బ్యాగ్, లోపల ఉన్నది బాతు నూగు. ఆ నూగు విచ్చుకుని గాలిని పట్టి ఉంచితేనే వెచ్చదనం. జిడ్డు పట్టినా, సబ్బు మిగిలిపోయినా విచ్చుకోదు. కాబట్టి బట్టల పొడి, బ్లీచ్, కండిషనర్ ఏవీ వద్దు. నూగు ఉతకడానికే చేసిన నిక్‌వాక్స్ వాళ్ల డౌన్ వాష్ లాంటిది తెప్పించుకో. డ్రై క్లీనింగ్ మాట అసలే ఎత్తకు. ఆ రసాయనాలు నూగుకి సహజంగా ఉండే నూనెని లాగేస్తాయి. నా మొదటి బ్యాగ్‌ని అలాగే ఒక షాపులో ఇచ్చాను. "కొత్తదానిలా మెరుస్తోంది చూడండి సార్" అన్నాడు. మెరిసింది నిజమే, దుప్పటంత పల్చగా కూడా అయింది.

మీ మెషిన్ పైన మూతదని గుర్తు. అందులో వద్దు, అది తిప్పే తిప్పుడికి నూగుని పట్టి ఉంచే లోపలి అరల కుట్లు తెగుతాయి. పెద్ద టబ్బులో గోరువెచ్చని నీళ్లు పోసి, జిప్పు మూసి, బ్యాగ్‌ని ముంచి అరచేతులతో మెల్లగా నొక్కు. రుద్దొద్దు, పిండొద్దు. నురగ ఆగేదాకా నీళ్లు మారుస్తూనే ఉండు, నాలుగైదు సార్లు పట్టొచ్చు. ఇక ఎత్తేటప్పుడు జాగ్రత్త! ఒక కొస పట్టుకుని లాగావంటే నీటి బరువంతా ఒకవైపు పడి అరలు చిరుగుతాయి. రెండో బ్యాగ్‌ని నేను పాడుచేసుకున్నది అలాగే. ముందు టబ్బులో నీళ్లు వదిలేసి, నొక్కి నొక్కి తీసి, రెండు చేతులూ కిందికి పోనిచ్చి ఎత్తు.

అరగంటలో ఉతికేస్తావు కానీ, ఆరబెట్టడానికి మూడు రోజులు పడుతుంది. తొందరపడేవాళ్లంతా ఇక్కడే దెబ్బతింటారు. దండెం మీద వేలాడదీస్తే నూగంతా కిందికి జారుతుంది, పరిచి ఆరెయ్యి. నవారు మంచం దొరికితే అంతకన్నా మంచిది లేదు, కింద నుంచి కూడా గాలి ఆడుతుంది. లేకపోతే బట్టల స్టాండ్లు రెండు పక్కపక్కన పెట్టి ఫ్యాను వెయ్యి. ఎండలో మాత్రం వద్దు, నైలాన్ పాడవుతుంది. రెండు మూడు గంటలకోసారి తిరగేస్తూ, చేతికి తగిలిన ఉండల్ని వేళ్లతో విడదియ్యి. మీ అమ్మమ్మ మేడ మీద పరుపులు బాదినట్టు కర్రతో బాదకు. వెలుతురుకి అడ్డంగా పట్టుకుని చూడు, నల్లటి ముద్దలు కనిపిస్తే ఇంకా ఆరనట్టే. పైకి ఆరిపోయింది అనిపించాక కూడా ఇంకో రోజు ఉంచు. దగ్గర్లో డ్రయ్యర్ ఉన్న లాండ్రీ ఉంటే తక్కువ వేడిలో, రెండు మూడు టెన్నిస్ బంతులు కూడా వేసి తిప్పించు. ఆ బంతులే ఉండల్ని కొట్టి విడదీస్తాయి. ఈ జనవరిలో హైదరాబాద్ గాలి పొడిగా ఉంది కాబట్టి పని తేలికే. వానాకాలంలో, అందులోనూ మా విశాఖలో, నేను ఈ పని పెట్టుకోను.

ఆరాక, ట్రెక్కుకి మోసుకెళ్లే ఆ చిన్న సంచిలో కుక్కి అటక మీద పడెయ్యకు. అది ప్రయాణానికి మాత్రమే. ఇంట్లో పెద్ద నూలు సంచిలోనో, దుప్పటి గలీబులోనో వదులుగా ఉంచు. కలరా ఉండలు వద్దు, ఆ వాసన ఓ పట్టాన వదలదు.

ఇక బ్యాగ్ కింద పరుచుకునే గాలి నింపే మ్యాట్ పని చిన్నదే. సబ్బు నీళ్ల గుడ్డతో తుడిచి, వాల్వ్ తెరిచి, చుట్టకుండా మంచం కింద పరిచి పెట్టు. నోటితో ఊదితే లోపల తేమ చేరి బూజు పడుతుంది, గాలి నింపడానికి వాడే పంప్ సంచి వాడు.

ఈసారి నుంచి బ్యాగ్ లోపల లైనర్, అంటే పల్చటి గుడ్డ సంచి, వేసుకుని పడుకో. చెమటా జిడ్డూ దానికే అంటుతాయి, అదొక్కటీ ఉతుక్కుంటే చాలు. మీ అత్త ఓ పాత మంగళగిరి చీర తీసి పెట్టింది, కుట్టి పంపుతానంటోంది. నీ ఎత్తెంతో చెప్పు.

మామయ్య