పాటల బీరువా చేస్తున్న మేనల్లుడికి

బరంపురం,
ఆదివారం.

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన బొమ్మ చూసి రెండు రోజులైంది. ఫోనులో చెబితే మధ్యలో అడ్డం వస్తావని కాగితం పట్టాను. బొమ్మ ముచ్చటగా ఉంది. నిలువెత్తు అద్దం తలుపులు, లోపల లైట్లు, ఇత్తడి పిడులు. మిఠాయి కొట్లో పెడితే లడ్డూలు ఇట్టే అమ్ముడుపోతాయి. కానీ నీకొచ్చిన ఆర్డరు పాటలకి. ఆ పెద్దాయన నలభై ఏళ్లు కూడబెట్టుకున్న ఎల్పీలు (అంటే పెద్ద గ్రామఫోను రికార్డులు), క్యాసెట్లు, సీడీలు. పర్లాకిమిడిలో అంతమంది వడ్రంగులుండగా ఆయన కొడుకు నిన్ను పిలిచాడంటే నాకు సంతోషమే. అయితే "అన్నీ కలిపి వెయ్యి దాకా ఉంటాయి మావయ్యా, పద్దెనిమిది అంగుళాల లోతు పెట్టేస్తున్నా" అన్నావు చూడు, అక్కడ నాకు టెన్షన్ మొదలైంది.

నేనూ ఒకసారి ఇలాగే బోర్లా పడ్డాను. 1990ల మొదట్లో ఇక్కడ ఒక వీడియో లైబ్రరీకి గోడ నిండా అరలు చేశాను. ఓనరు శాంపిల్‌కి ఒక వీహెచ్‌ఎస్ క్యాసెట్ చేతిలో పెట్టాడు. కొలిచాను. 187 మిల్లీమీటర్ల పొడవు, 103 వెడల్పు, 25 మందం. మందానికి ఇంకో రెండు మిల్లీమీటర్లు వదిలి, మూడు వందల గళ్లు కట్టి, పాలిష్ కూడా వేసి బిగించి వచ్చాను. మర్నాడు పొద్దున్నే కబురు. వెళ్లి చూస్తే ఒక్క క్యాసెట్టూ గడిలో దూరడం లేదు. కొట్లో ఉన్నవన్నీ ప్లాస్టిక్ డబ్బాల్లో ఉన్నాయి, నాకిచ్చింది డబ్బా లేనిది. తప్పు నీదా నాదా అని అరగంట వాదించుకున్నాం. నాదే. డబ్బా ఉంటుందా అని నేను అడగలేదు. గళ్లన్నీ ఊడబీకి మళ్లీ కట్టడానికి వారం పట్టింది, ఆ వారం కూలీ నా జేబులోంచే పోయింది. అప్పట్నుంచి ఏ వస్తువునీ అది తొడుక్కున్న బట్టతో సహా తప్ప కొలవలేదు.

నువ్వు రేపే ఆ ఇంటికి వెళ్లి నేల మీద చాప పరిపించు. రకానికో కుప్ప వేయించి, ప్రతి కుప్పలో అన్నిటికన్నా లావుగా ఉన్నదాన్ని కొలువు. మామూలుగా గట్టి ప్లాస్టిక్ సీడీ డబ్బా నిలబెడితే ఎత్తు 125 మిల్లీమీటర్లు, లోతు 142, మందం 10 పైచిలుకు. పల్చటి రకమైతే మందం అందులో సగం. డీవీడీ డబ్బా ఎత్తు 190, లోతు 135, మందం 14, 15 మధ్య. పాటల క్యాసెట్ డబ్బా ఎత్తు 109, లోతు 70, మందం 17. ఎల్పీ అట్ట సుమారు 31 సెంటీమీటర్లన్నర చదరం. నాలుగేసి డిస్కులు కలిపి అట్టపెట్టెలో అమ్మినవి ఏ లెక్కకీ రావు, వాటికో అర విడిగా పడేయ్.

ఇప్పుడు నీ పద్దెనిమిది అంగుళాల సంగతి. అంత లోతులో సీడీలు పెడితే ఒకదాని వెనక ఒకటి మూడు వరసలు పడతాయి. ముందు వరస వింటారు. వెనక రెండు వరసల గతి మీ అమ్మ వంటింటి మూల అరలో ఊరగాయ జాడీ గతే. ఉందని ఎవరికీ గుర్తుండదు, ఎప్పుడో తీస్తే బూజు. అందుకని బీరువాని రెండు ముక్కలుగా ఆలోచించు. కింద 34 సెంటీమీటర్ల లోతున ఎల్పీల పెట్టె, దాని మీద గోడవైపు జరిపి 16 సెంటీమీటర్ల లోతున సన్న అరలు. కింద పెట్టె ముందుకు పొడుచుకొచ్చిన చోటు వృథా ఏమీ కాదు, తీసిన డిస్కు ఆనించుకోవడానికి బల్లలా పనికొస్తుంది. క్యాసెట్టు లోతు 70 మిల్లీమీటర్లే కాబట్టి ఆ సన్న అరల్లో కూడా వెనక్కి పోయి దాక్కుంటుంది. వెనకాల ఒక చెక్క పట్టీ అడ్డం కొట్టు, క్యాసెట్లన్నీ అంచుకి వచ్చి నిలబడతాయి.

అర ఎత్తుకి 125కి 125 ఇవ్వకు. పైన వేలు దూరాలి. నేనైతే 20 మిల్లీమీటర్లు వదులుతాను. అడ్డంగా కూడా కిక్కిరిసిపోకూడదు. మీటరు అరలో 95 సీడీలు పడతాయి, నువ్వు 80కే లెక్క వేసుకో. బిగుసుకున్న డబ్బాని గోరుతో లాగితే మూత బందు విరుగుతుంది, ఆ చిన్న ముక్క విరిగిన డబ్బా ఇక జన్మలో సరిగ్గా మూసుకోదు.

ఎల్పీల విషయంలో ఇంకా జాగ్రత్త. అవి నిటారుగా నిలబడాలి. పడుకోబెట్టి దొంతర పేరిస్తే బరువుకి, ఒరిగి ఉంటే ఎండాకాలం వేడికి వంగిపోతాయి. ప్రతి జానెడుకీ ఒక నిలువు పలక పెట్టు. అట్టతో కలిపి వంద ఎల్పీలు 40 సెంటీమీటర్లలోపే సర్దుకుంటాయి గానీ బరువు 22, 25 కిలోల దాకా తూగుతాయి. ఒక బియ్యం బస్తా అనుకో. అందుకే ఆ పెట్టె 19 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో, ఏ అరా 40 సెంటీమీటర్లకి మించకుండా ఉండాలి. పెద్దాయన దగ్గర నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డులు కూడా ఉంటే వాటిని నువ్వు పట్టుకోకు, ఇంటివాళ్లనే తీయమను. అవి లక్కతో చేసినవి. చెయ్యి జారితే మట్టి పెంకులా పగులుతాయి, అతికేది లేదు.

రెండో బొమ్మకొద్దాం. బల్ల మీద పెట్టే స్టాండు, ఇడ్లీ ప్లేట్లు ఆరబెట్టినట్టు ఉత్త డిస్కుల్ని గాళ్లలో గుచ్చావు. చూడటానికి తమాషాగా ఉంది. కానీ డిస్కు మందం 1.2 మిల్లీమీటర్లు, గాడిలో పెట్టిన ప్రతిసారీ తీసిన ప్రతిసారీ రెండు వైపులా గీసుకుంటుంది. అందరూ మెరిసే వైపే సున్నితం అనుకుంటారు. సీడీలో ఆ వైపు మందంగా ప్లాస్టిక్ ఉంటుంది, చిన్న గీతలు పడినా చాలాసార్లు పాడుతుంది, ఇంకా కావాలంటే పాలిష్ పట్టించవచ్చు. అసలు పాట ఉండే లోహపు పొర పేరు అచ్చేసిన వైపు, పల్చటి వార్నిష్ కిందే ఉంటుంది. అక్కడ గోరు పడి పొర లేచిపోతే ఆ పాట పోయినట్టే. దీపానికి అడ్డం పెట్టి చూడు, పొర పోయినచోట సూది బెజ్జాలు కనిపిస్తాయి. డీవీడీ అలా కాదు. 0.6 మిల్లీమీటర్ల పలకలు రెండు అతికించి మధ్యలో పొరని దాచారు. దానికి గీతల కంటే వంచడం ప్రమాదం. డబ్బా మధ్య పళ్లు బిగుతుగా ఉంటే జనం అంచు పట్టుకుని పైకి వంచి లాగుతారు. మధ్య బొడిపెని వేలితో నొక్కితే డిస్కు తనంతట తనే లేస్తుంది, ఈ ముక్క ఆ ఇంట్లో పిల్లలకి కూడా చూపించు.

నీకు చెక్కతోనే డిస్కు పళ్లెం చేయాలనుంటే ఇలా చెయ్. డిస్కు అడ్డుకొలత 120, మధ్య బెజ్జం 15. మధ్య నుంచి 25 మిల్లీమీటర్ల దాకా పాట ఉండదు, అక్కణ్ణుంచే మొదలవుతుంది. కాబట్టి నడుమ 40 మిల్లీమీటర్ల అడ్డుకొలత గల గుండ్రటి దిమ్మె మూడు మిల్లీమీటర్ల ఎత్తున నిలిపి దాని మీద ఆనించు. బెజ్జంలో దూరే మేకుని 14.5కి చిత్రిక పట్టు, వదులుగానే ఉండాలి. ఎదురెదురుగా రెండు అర్ధచంద్రాలు తొలువు, బొటనవేలూ మధ్యవేలూ అంచుని పట్టుకునేట్టు. ఇవి ఓ పదే చేయి, ఇంట్లో రోజూ వినేవాటికి. మిగతావన్నీ వాటి డబ్బాల్లోనే ఉండనీ.

చెమ్మ గురించి మనవైపు ఎంత చెప్పినా తక్కువే. మా ఇంట్లో నేను ముచ్చటపడి చేసుకున్న బీరువాని గోడకి అతికినట్టు బిగించాను, సందు కనబడకూడదని. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను వచ్చి గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు ఆ గోడ తడిసి ముద్దయింది. బయటికేం తెలియలేదు. సంక్రాంతికి తలుపు తీసి చూస్తే మీ బావ అన్నప్రాశన క్యాసెట్టు టేపు మీద పౌడరు చల్లినట్టు తెల్లగా బూజు. అలాంటిది వీసీఆర్‌లో పెడితే హెడ్‌కి అంటుకుని, తర్వాత పెట్టే క్యాసెట్టుకీ పాకుతుంది. 2018లో తిత్లీ తుపానుకి మీ వైపు మహేంద్రతనయ నది పొంగిన రోజు నీకే బాగా గుర్తుండాలి. గోడకీ బీరువా వీపుకీ మధ్య నాలుగు వేళ్ల సందు, నేలకీ అడుగుకీ మధ్య కనీసం 15 సెంటీమీటర్ల కాళ్లు. వెనక పలకలో పైనా కిందా రంధ్రాలు పెట్టి సన్న జాలీ బిగించు, గాలి తిరగాలి, బొద్దింకలు తిరగకూడదు. ఆ కాళ్లు ఉంటే చెదలు ఎక్కుతున్నా మట్టి దారి కంటికి కనిపిస్తుంది.

అద్దం తలుపులు వద్దు. కంప్యూటరుతో పాటలు ఎక్కించుకున్న ఖాళీ డిస్కుల్లో రంగు పొర ఉంటుంది, వెలుతురుకీ వేడికీ అది పాడవుతుంది. చెక్క తలుపులే పెట్టు. లోపలి లైట్లు మానేయ్. అరకో చిన్న రేకు డబ్బా, మూతకి బెజ్జాలు కొట్టి, అందులో చెమ్మ పీల్చే నారింజ రంగు సిలికాజెల్. ఆకుపచ్చగా మారితే పెనం మీద సన్నసెగన వేయించుకుని మళ్లీ వాడుకోవచ్చని మీ అత్త కనిపెట్టింది, కూర పెనం మాత్రం కాదు. కలరా ఉండలు వేయనివ్వకు, ఆ ఆవిరి ప్లాస్టిక్‌కి పడదు. జిప్పు ఫోల్డర్లలో మెత్తటి పీవీసీ సంచులుంటే డిస్కులు వాటికి అంటుకుంటాయి, తీయించేయ్.

చెక్క గురించి నీకు చెప్పక్కర్లేదు. టేకు అంటే పార్టీ బెదిరిపోతాడు. తలుపులకి గుమ్మడి టేకు చాలు, అదే ఒడియా వాళ్లు గంభారి అనేది, తేలిక, పెద్దగా మెలితిరగదు. ప్లైవుడ్ మీద ఐఎస్ 710 ముద్ర, అంటే నీటికి ఓర్చే రకం ముద్ర, చూసి కొను. చేసినవెంటనే సామాను సర్దనివ్వకు, జిగురు వాసన పూర్తిగా పోయేదాకా రెండు మూడు వారాలు తలుపులు తీసి ఉంచు. ఇత్తడి పిడుల బదులు మీ ఊళ్లోనే కొమ్ము పనివాళ్ల చేత నాలుగు పిడులు చేయించు. ఊరి పేరు మోసే పని, ఇత్తడి కన్నా చేతికి హాయిగా ఉంటుంది.

సర్దేటప్పుడు అక్షరక్రమం జోలికి పోకు. మన ఇళ్లల్లో ఘంటసాల పక్కనే ఒడియా గాయకుడు అక్షయ మహంతి ఉంటాడు. ఒక డబ్బా వీపు మీద తెలుగు, ఒకదాని మీద ఒడియా, ఇంకోదాని మీద ఇంగ్లీషు. ఏ అక్షరమాలతో మొదలుపెడతావ్? పెద్దాయన ఎలా పెట్టుకున్నాడో ముందు ఫోటో తీసుకుని అలాగే పెట్టు. ఆవిడ, అంటే ఆ కొడుకు వాళ్ల అమ్మగారు, చీకట్లో కూడా చెయ్యి చాపి తీసుకునే వరస అదే అయ్యుంటుంది. నిలువు పలకలు జరిగేలా గాళ్లు మాత్రం ఎక్కువ కొట్టి ఉంచు. పెళ్లి, బారసాల డిస్కుల్ని హార్డ్ డిస్కులోకి ఎక్కించి వేరే ఇంట్లో ఒక కాపీ ఉంచుకోమని కొడుకుతో ఓ మాట అను. అది నీ పని కాదు, అయినా అను.

అడ్వాన్సు సగం తీసుకో. కొలతల కాగితం మీద ఆయన చేత సంతకం పెట్టించు. ఆ వీడియో లైబ్రరీ రోజున నా దగ్గర ఆ కాగితం ఉండుంటే వాదన అరగంట సాగేది కాదు.

వచ్చే ఆదివారం పొద్దున బండి ఎక్కు. రకానికొకటి, అన్నిటికన్నా లావు డబ్బా సంచిలో వేసుకుని రా. పెరట్లో గంభారి ముక్కలున్నాయి, ఒక అర నమూనాకి కట్టి చూద్దాం. మీ అమ్మకి అప్పడాలు రెండు కట్టలు తీసి ఉంచాను, సంచిలో వాటికీ చోటుంచు.

ఇట్లు,
మావయ్య