కోళ్లకు గురక: ఇంజెక్షన్లకు 3,300 పెట్టాలా, అమ్మేసి అప్పు చేయాలా?

ప్రశ్న: మాది విజయనగరం జిల్లా గజపతినగరం దగ్గర పల్లె. 9 పెట్టలు, 3 పుంజులు, రెండు నెలల పిల్లలు 10 ఉన్నాయి. వారం నుంచి నాలుగు పెట్టలకు ముక్కు కారుతోంది, కంట్లో నురగ, రాత్రయితే గురక. ఏదీ చావలేదు. షాపులో ఇచ్చిన పొడులకు 1,400 అయింది, తగ్గలేదు. ఒకాయన కోడికి 150 చొప్పున అన్నిటికీ ఇంజెక్షన్లు చేస్తానంటున్నాడు. మా ఆయనేమో వీటిని సంతలో అమ్మేసి, డ్వాక్రాలో 30,000 తీసుకుని గూడు కట్టి 40 పెట్టలు కొందామంటున్నారు. 20 నెలల కిస్తీ. ఇక్కడ పెట్ట 500, పుంజు 1,000, పిల్ల 100, గుడ్డు 12 రూపాయలు. ఏం చేయమంటారు?

జవాబు: ప్రస్తుతానికి రెండూ వద్దమ్మా. మీరు చెప్పిన ధరల్లో మంద విలువ 8,500. ఇంజెక్షన్లకు అడుగుతున్నది 3,300. షాపులో పోయిన 1,400ని ఈ లెక్కలో కలపకండి, అది ఎలాగూ తిరిగిరాదు. ఇకపై పెట్టే ప్రతి రూపాయి ఎన్ని కోళ్లను కాపాడుతుందన్నదే చూడాలి.

మీరు రాసిన లక్షణాలు ఎక్కువగా సీఆర్‌డీ అనే దీర్ఘకాలపు శ్వాస జబ్బుకు సరిపోతాయి. మైకోప్లాస్మా అనే సూక్ష్మజీవి వల్ల వస్తుంది. ఒక్కటే వస్తే పెద్ద కోళ్లను చంపడం తక్కువ. గుడ్లు తగ్గుతాయి, కోడి చిక్కిపోతుంది. అంటే 3,300 పెట్టి మీరు కాపాడుకునేది రెండు మూడు కోళ్లు, మహా అయితే 1,500 విలువ. పైగా బాగున్న 18 కోళ్లకు కూడా సూది ఎందుకు? నా లెక్కలో ఈ జబ్బు మీద మీ ఖర్చు 800 దాటకూడదు.

ముందు జబ్బేమిటో తేల్చుకోండి. మొహం ఒక పక్క ఉబ్బి, ముక్కు నుంచి కుళ్లు వాసన వస్తే అది కొరైజా, దాని మందు వేరు. ఆకుపచ్చ రెట్ట, మెడ తిప్పడం, రెండు మూడు రోజుల్లో వరసగా చావులు కనిపిస్తే కొక్కెర తెగులు. అది వైరస్, దానికి మందు లేదు, పొడుల మీద పెట్టిందంతా వృథానే. తురాయి నల్లబడి కోళ్లు ఒక్కసారిగా గుట్టలుగా చస్తే ముట్టుకోకుండా వెంటనే పశువైద్యుడికి చెప్పండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చిన సంగతి తెలిసిందే. అలాంటప్పుడు పరిహారం ప్రభుత్వం చంపించిన కోళ్లకే ఇస్తారు, అంతకుముందు చచ్చినవాటికి రాదు. దాచిపెడితే డబ్బు కూడా పోతుందన్నమాట.

సచివాలయంలోని పశుసంవర్ధక సహాయకుణ్ణి పిలవండి, లేదా 1962కి ఫోన్ చేయండి. ఏదైనా కోడి చస్తే పారేయకండి. రెండు కవర్లలో చుట్టి, చుట్టూ ఐసు పెట్టి (ఫ్రీజర్‌లో గడ్డకట్టించొద్దు) అదే రోజు గరివిడి పశువైద్య కళాశాలకో జిల్లా రోగ నిర్ధారణ ల్యాబ్‌కో పంపండి. కోసి చూస్తే తెలిసేది, మూడు రకాల పొడులు వాడి చూసినా తెలియదు.

డాక్టరు సీఆర్‌డీయే అని తేలిస్తే టైలోసిన్ అనే మందు రాయవచ్చు. దాని మామూలు మోతాదు లీటరు నీటికి అసలు మందు అర గ్రాము, మూడు నుంచి ఐదు రోజులు. పెద్ద కోడి రోజుకు పావు లీటరు లోపే తాగుతుంది. మీ మంద మొత్తానికి రోజుకు నాలుగు లీటర్లు చాలు. అంటే రోజుకు 2 గ్రాములు, ఐదు రోజులకు 10 గ్రాములు. ప్యాకెట్‌లో ఉన్నదంతా మందు కాదు, అందులో ఎంత శాతం ఉందో చూసి పొడి తూకం వేయించుకోండి. పెద్ద ప్యాకెట్ అంటగడితే కోళ్లకు ఇదే జబ్బున్న మరో ఇద్దరు ముగ్గురితో కలిసి కొనండి.

మందు పనిచేయలేదనేవాళ్ల ఇళ్లలో నేను ముందు అడిగేది ఒక్కటే: ఆ ఐదు రోజులూ కోళ్లు ఎక్కడ నీళ్లు తాగాయి? పెరట్లో వదిలేస్తే బోరు దగ్గరి మురుగులో తాగొస్తాయి, మీరు కలిపిన మందు గిన్నెలోనే ఉండిపోతుంది. ఆ ఐదు రోజులూ కట్టడి చేసి, వేరే నీరు అందకుండా చూడండి. రోజూ పాత నీరు పారబోసి కొత్తగా కలపాలి. బాగా జబ్బుపడినది అసలు తాగదు, దానికి అదే నీటిని ముక్కు పక్కనుంచి చుక్కలు చుక్కలుగా పట్టాలి. ముక్కు తెరిచి ఒక్కసారిగా పోస్తే ఊపిరితిత్తుల్లోకి వెళ్లి చస్తుంది. ఆ నాలుగింటినీ వేరే గంపల కింద ఉంచి, ముందు బాగున్నవాటికి, తర్వాత వాటికి మేత వేయండి. మందు ఆపాక ప్యాకెట్ మీద రాసిన గడువు దాటేదాకా గుడ్లు, మాంసం వాడొద్దు, అమ్మొద్దు.

పైసా ఖర్చులేని పని ఇంకొకటి ఉంది. తెల్లవారుజామున గూడు తలుపు తీసి, కోడి ఎత్తుకు వంగి ఊపిరి పీల్చండి. మీ కళ్లు మండాయంటే రెట్టలోంచి వచ్చే అమ్మోనియా ఎక్కువగా ఉంది. అది శ్వాసనాళాన్ని దెబ్బతీసి జబ్బుకు దారి ఇస్తుంది. చలికాలంలో గూడు చుట్టూ టార్పాలిన్ బిగించేయడం మన వైపు అలవాటు, కోళ్లకు చేటు చేసేది అదే. కోళ్ల తలలకు పైన జానెడు ఖాళీ ఉంచండి, తడిసిన నేల తీసేసి రెండు మూడు అంగుళాల పొడి ఊక వేయండి. గూటి దగ్గర చలిమంట పొగ కూడా వద్దు.

ఇక అసలు సంగతి. గురక తగ్గిన పెట్ట మునుపటిలా పూర్తి విలువ ఉన్నది కాదు. మైకోప్లాస్మా దాని ఒంట్లోనే ఉండిపోతుంది, చలికో వానకో మళ్లీ బయటపడుతుంది, గుడ్డు ద్వారా పిల్లకీ వెళ్తుంది. కాబట్టి ఈ మంద గుడ్లను పొదగేయకండి, గడువయ్యాక తినడానికి అమ్ముకోండి. మందు గడువు చూసుకుని పుంజులను సంక్రాంతికి, పెట్టలను ఆ తర్వాత కోతకు అమ్మి మందను ఖాళీ చేయండి. జబ్బుతో ఉన్నవాటిని ఇప్పుడే సంతకు తీసుకెళ్తే సగం ధరే వస్తుంది, ఊళ్లకు తెగులూ పాకుతుంది. ఈ మంద ఉండగా కొత్తవి తెచ్చి కలిపితే అప్పు చేసి జబ్బు కొన్నట్టే. గూడు కడిగి సున్నం వేసి కనీసం మూడు వారాలు ఖాళీగా ఎండనివ్వాలి.

అప్పు లెక్కా చూద్దాం. అసలుకే నెలకు 1,500 కిస్తీ. నాటు పెట్ట ఏడాదికి సుమారు 60 గుడ్లు పెడుతుందనుకుంటే 40 పెట్టలకు నెలకు 200 గుడ్లు, 2,400 రూపాయలు. నూకలు, చోళ్లు, తవుడు, వడ్డీ పోతే మిగిలేది కొంచెమే, అదీ ఒక్కటీ చావకపోతేనే. 40 మాట మానండి. మంద అమ్మిన డబ్బుతోనే 10 కొని, కొక్కెర తెగులుకు టీకా వేయించండి: పిల్లలకు మొదటి వారంలో కంట్లో చుక్క, రెండో నెలలో ఇంజెక్షన్. జబ్బుతో ఉన్నవాటికి టీకా వేయించొద్దు. టీకా సీసాలో 100 డోసులో, అంతకంటే ఎక్కువో ఉంటాయి, దాన్ని ఐసులో ఉంచాలి, కలిపాక రెండు గంటల్లో వాడేయాలి. అందుకే వీధిలో పది ఇళ్లవాళ్లు ఒకే రోజు పెట్టుకుని పశుసంవర్ధక సహాయకుణ్ణి పిలవండి.